గోడ మీద ఒక్క తెలుగు వాక్యం



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ పేరు మీ చేతిలోని ఆహ్వాన పత్రిక మీద ఉంది. నేను మళ్ళీ పలకను. అన్నేళ్ళు ‘మేడమ్’ అని తప్ప పిలవని మనిషిని ఈ ఒక్క సాయంత్రం పేరుతో పిలవాలంటే నోరు రావడం లేదు. ఊళ్ళో వాళ్ళకు ఆవిడ పెద్ద డాక్టరమ్మ. నాకు పురుళ్ళు పోయడం కాలేజీ నేర్పింది. మనిషితో మాట్లాడడం మాత్రం ఆవిడ దగ్గరే, అదీ సగమే, నేర్చుకున్నాను.

నిర్వాహకులు నాకిచ్చిన విషయం ‘గర్భస్థ శిశు పరీక్షలు, వైద్య నైతికత’. పెద్ద మాటలు. నేను వాటిని ఒక గదిలోకి కుదించుకుంటాను. మీలో చాలామంది ఆ గదిలో పడుకున్నవాళ్ళే, కాకపోతే దాని తలుపు బయట చెప్పులు విప్పి నిలబడ్డవాళ్ళే. స్కానింగ్ గది. ఏసీ చలి, పొట్ట మీద చల్లటి జెల్, మంచినీళ్ళు తాగీ తాగీ ఉబ్బిన కడుపు, అటువైపు తిప్పేసిన తెర. ఆ తెర మీద అక్షరాలు ఇంగ్లీషు. బయటికి వచ్చే రిపోర్టు ఇంగ్లీషు. సంతకం పెట్టించుకునే కాగితం చాలాచోట్ల ఇంగ్లీషు. గది మొత్తంలో తెలుగులో ఉండేది గోడ మీద ఒకే ఒక్క వాక్యం: ఇచ్చట లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు, అది చట్టరీత్యా నేరం.

ఆ బోర్డు స్థానిక భాషలో పెట్టాలని నిబంధన ఉంది కాబట్టి ఉంది. అదే చట్టం ఇంకో మాట కూడా చెప్పింది. గర్భస్థ పరీక్ష చేసేముందు దాని మంచిచెడ్డలు గర్భిణికి వివరించాలి, ఆమెకు అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవాలి, ఆ కాగితం నకలు ఆమె చేతికివ్వాలి. 1994 నాటి చట్టం, ఐదో సెక్షన్. బోర్డు లేకపోతే తనిఖీకి వచ్చినవాళ్ళు ఊరుకోరు. నకలు ఎంతమంది చేతికి వెళ్ళిందో అడిగినవాళ్ళు నా సర్వీసులో నాకు ఎదురుపడలేదు. చట్టం మనల్ని ఒకటి చెప్పొద్దంది, ఒకటి చెప్పమంది. చెప్పొద్దన్నది మాత్రం బాగా వంటబట్టించుకున్నాం. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ రెండోదాని గురించి.

ముందు నా తప్పు ఒకటి చెప్పుకుంటాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక జంట వచ్చారు. ఆమెకు ఇరవై నాలుగేళ్ళు ఉంటాయేమో, నాలుగో నెల నడుస్తోంది. రక్తపరీక్ష రిపోర్టు చూసి, బయట క్యూ ఉన్న తొందరలో, ‘స్క్రీన్ పాజిటివ్ వచ్చిందమ్మా’ అన్నాను. ఆ పిల్ల మొహం విప్పారింది. భర్త నాకు దణ్ణం పెట్టాడు. పాజిటివ్ అంటే మంచిదే కదా మరి. కడుపు పండిందని మేం చెప్పేదీ అదే మాటతో. మూడు నెలల కింద నేనే ఆమెకు ‘పాజిటివ్’ అని చెప్పి పంపాను, ఊరంతా మిఠాయిలు పంచుకున్నారు. ఇప్పుడు అదే నోటితో అదే మాట అని, దాని అర్థం తిరగబడిందని విప్పి చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. ఆ పావుగంటలో ఆ పిల్ల ఒక్క ప్రశ్నా వేయలేదు. చీర కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. వాళ్ళు వెళ్ళాక మేడమ్ నన్ను కోప్పడలేదు. ‘ఆ మాట బదులు ఇంకేమంటే బాగుండేదో ఆలోచించి రేపు చెప్పు’ అన్నారు. మర్నాటికి నాకు మాట దొరకలేదు. నిజం చెప్పాలంటే అలాంటి మాటల కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాను.

ఎందుకంటే మన దగ్గరున్న మాటలు ఈ పనికి లొంగవు. ‘రిస్క్’ అనే దానికి డిక్షనరీ ‘ప్రమాదం’ అంటుంది. ప్రమాదం అనగానే మనవాళ్ళ కళ్ళ ముందు రోడ్డు మీద తిరగబడ్డ ఆటో కనబడుతుంది. పోనీ ‘అవకాశం’ అందామా? ‘మీ బిడ్డకు డౌన్ సిండ్రోమ్ వచ్చే అవకాశం ఉంది’ అంటే ఏదో ఉద్యోగం వచ్చినట్టుంటుంది. ‘జన్యులోపం’ అంటాం. లోపం అనగానే అది ఎవరిదో తేల్చాలి కదా, అత్తగారి చూపు కోడలి వైపు తిరుగుతుంది. ఇక ‘పిండం’. పుస్తకాల్లో ఫీటస్‌కి పిండం అని రాశారు, పాఠ్యపుస్తకంలో ఫరవాలేదు. మా ఆసుపత్రిలో అంగీకార పత్రానికి తెలుగు చిత్తు రాసినప్పుడు నేనూ అదే వాడాను, ‘పిండానికి హాని కలిగే అవకాశం’ అని. ఎవరికైనా అర్థమవుతుందో లేదోనని మా ఆయాను కూర్చోబెట్టి చదివి వినిపించాను. ఆవిడ చెంపలు వేసుకుంది. ‘కడుపుతో ఉన్న పిల్ల దగ్గర పిండాల మాటేంటమ్మా, శుభమా అని’ అంది. పిండం అంటే ఆవిడకు గోదారొడ్డు, బ్రాహ్మణుడు, కాకి. పదో రోజు. ఇరవై ఏళ్ళు చదువుకున్న నాకు తట్టలేదు. ఆ మాట కొట్టేసి ‘కడుపులో బిడ్డ’ అని రాశాను.

వైద్యాన్ని తెలుగులో చెప్పే ఈ పని కొత్తదేం కాదు. కొమర్రాజు అచ్చమాంబ గారని ఒక డాక్టరు ఉండేవారు. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి శ్రీకారం చుట్టిన లక్ష్మణరావు గారి కూతురు, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు కూడా వెళ్ళారు. కాన్పు గురించీ పసిబిడ్డ పెంపకం గురించీ ఆవిడ తెలుగులో పుస్తకం రాశారు. తండ్రి జ్ఞానాన్ని తెలుగులోకి తేవాలని తాపత్రయపడితే, కూతురు దాన్ని పురిటి మంచం దాకా తెచ్చింది. ఆ తర్వాత మనం యంత్రాలు కొన్నాం.

అయితే తెలుగులో రాసేస్తే అయిపోయిందని అనుకోకండి. చట్టం అన్నది ‘ఆమెకు అర్థమయ్యే భాష’ అని. పాడేరు కొండల్లోంచి వచ్చిన తల్లికి అది కువి కావచ్చు, ఆదిలాబాద్ నుంచి వచ్చిన తల్లికి గోండో కొలామీయో కావచ్చు. సికిల్ సెల్ జబ్బు ఎక్కువగా ఉన్నది అక్కడే. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద కోట్ల మందికి రక్తపరీక్షలు చేసి కార్డులిస్తున్నారు. ఆ కార్డు పెళ్ళి సంబంధం చూసేటప్పుడు పనికొస్తుందని ఉద్దేశం. మంచిదే. కానీ జబ్బు లేదు, జన్యువు మాత్రం ఒకటి మోస్తోంది అనే సంగతిని ఆ పిల్ల భాషలో ఆ పిల్లకు చెప్పకుండా కార్డు చేతిలో పెడితే, దాన్ని ఊరు చదువుకునే తీరు వేరేగా ఉంటుంది. మనం ఇంగ్లీషు ముందు చిన్నబోయినట్టే ఆమె మన తెలుగు ముందు చిన్నబోతుంది.

మాటల తర్వాత లెక్కలు. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి.

పదకొండు నుంచి పద్నాలుగు వారాల మధ్య ఎన్టీ స్కాన్, దాంతోపాటు డబుల్ మార్కర్ అనే రక్తపరీక్ష చేస్తాం. రెండూ కలిపితే, ఎంతమందిలో ఒకరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండొచ్చో చెప్పే ఒక అంకె వస్తుంది. 250లో ఒకటి కంటే ఎక్కువైతే ‘హై రిస్క్’ అని ఎర్ర అక్షరాల్లో అచ్చవుతుంది. 200లో ఒకటి అని వచ్చిన అమ్మాయి ఏడుస్తూ వస్తుంది. ‘నీలాంటి వాళ్ళు 200 మంది ఒక హాల్లో కూర్చున్నారనుకో, 199 మంది పిల్లలు డౌన్ లేకుండానే పుడతారు’ అని చెబితే ఏడుపు ఆపి, అయితే ఎర్రగా ఎందుకు వేశారని అడుగుతుంది. నిజమే, ఆ రంగు ఎవరు ఎంచారో గానీ, అంకె చెప్పనిదంతా ఆ రంగే చెప్పేస్తోంది.

ఇప్పుడు ఎన్ఐపీటీ వచ్చింది. తల్లి రక్తంలో బిడ్డ డీఎన్ఏ ముక్కలు తిరుగుతుంటాయని హాంకాంగ్‌కు చెందిన డెన్నిస్ లో బృందం 1997లో చూపించింది. 2011 నుంచి అది పరీక్షగా బజార్లోకి వచ్చింది. కరపత్రం మీద 99 శాతం కచ్చితం అని ఉంటుంది. ఆ మాట అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. లెక్క తేలిగ్గా ఉండడానికి పాతికేళ్ళ లోపు తల్లులు 10,000 మందిని తీసుకుందాం. వెయ్యికి ఒకరి చొప్పున పది మంది కడుపులో డౌన్ బిడ్డ ఉందనుకుందాం. పరీక్ష ఆ పది మందినీ పట్టేసింది, భేష్. మిగిలిన 9,990 మందిలో వెయ్యికి ఒకరి చొప్పున పొరపాటున గంట మోగింది, ఇంకో పది. మొత్తం గంట మోగింది ఇరవై మందికి, అందులో నిజం పదే. సగానికి సగం. అదే నలభై ఏళ్ళ తల్లులైతే వందకు ఒకరి చొప్పున 100 నిజం, 10 అబద్ధం. అదే పరీక్ష, అదే 99 శాతం. కానీ ఒకరికి రిపోర్టు నాణెం ఎగరేసినట్టు, ఇంకొకరికి దాదాపు ఖాయం. అందుకే ఎన్ఐపీటీ ఒక్కదాన్ని చూసి కడుపు తీయించుకోకూడదు, ఉమ్మనీరు తీసి నిర్ధారించుకోవాలి అంటాం. ఈ లెక్క చెప్పడానికి నాకు ఒక తెల్ల కాగితం, ఐదు నిమిషాలు చాలు. వేల రూపాయలు పోసి రక్తం ఇచ్చినవాళ్ళలో ఆ ఐదు నిమిషాలు దక్కనివాళ్ళు ఎందరో.

‘నలుగురిలో ఒకరికి’ అన్నది ఇంకా మోసకారి మాట. తల్లీ తండ్రీ ఇద్దరూ థలసీమియా జన్యువు మోస్తుంటే ప్రతి కాన్పులోనూ జబ్బు బిడ్డ పుట్టడానికి నాలుగింట ఒక వంతు. మన దేశంలో నూటికి ముగ్గురు నలుగురు ఈ జన్యువు మోస్తున్నారు. మొదటి బిడ్డకు జబ్బు వచ్చిన తండ్రి నాతో అంటాడు: ‘ఆ ఒకటీ అయిపోయింది కదా మేడమ్, ఇంక ముగ్గురు బాగుంటారు.’ గవ్వలాట ఆడినవాళ్ళెవరికైనా తెలుసు, పోయినసారి ఏం పడిందో గవ్వకు గుర్తుండదు. అలా చెబితే వెంటనే అర్థమవుతుంది. మేనరికం కుటుంబాలకు మేం చెప్పే లెక్క మరీ మోసకారి. మామూలుగా 100 కాన్పుల్లో రెండు మూడింటిలో బిడ్డకు పెద్ద అవయవ లోపం ఉంటే, దగ్గరి మేనరికాల్లో అది దాదాపు రెట్టింపు. అంటే అక్కడ కూడా నూటికి తొంభైకి పైగా పిల్లలు బాగానే పుడతారు. ఈ రెండో వాక్యం మేం చెప్పం. మొదటిది చెప్పి భయపెడతాం.

మేం ఇంత నోరు కట్టుకోవడానికి ఒక చరిత్ర ఉంది. 1970ల నడుమ ఢిల్లీ ఎయిమ్స్‌లో ఉమ్మనీటి పరీక్ష మొదలైంది. జన్యు జబ్బుల కోసమే మొదలైంది. కొన్నాళ్ళకే ఆడపిల్లల్ని ఏరిపారేయడానికి దారైంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆపితే ప్రైవేటుకు వెళ్ళింది. మహారాష్ట్ర 1988లో చట్టం చేసింది, కేంద్రం 1994లో చేసింది, 1996లో అమల్లోకి తెచ్చింది, 2003లో ఇంకా బిగించింది. దేశం సంగతి అలా ఉంచి మన ఇంటి లెక్క చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ళలోపు ప్రతి వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991లో 975, 2001లో 961, 2011లో 939. మనం ఉత్తరాదిలా కాదని చెప్పుకున్న రోజుల్లోనే ఇది జరిగింది. చేసింది మా వృత్తివాళ్ళే. కాబట్టి చట్టం మా నోరు కట్టేసిందని గొణిగే హక్కు మాకు పెద్దగా లేదు.

కానీ కట్టిన నోరు అన్నిటికీ కట్టుకుపోయింది. ప్రతి గర్భిణి స్కాన్‌కూ నింపాల్సిన ఫారం ‘ఎఫ్’లో ఒక గడి ఖాళీగా వదిలినా నేరమేనని 2019లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పాక స్కానింగ్ డాక్టరు చూపు తెర మీద సగం, ఫారం మీద సగం. కడుపుతో ఉన్న మనిషితో మాటలు పెట్టుకుంటే ఏమంటుకుంటుందోనని, ‘గుండె కొట్టుకుంటోంది, మీ డాక్టరుగారికి చూపించుకోండి’ అని లేపి పంపేస్తాడు. బిడ్డ వెన్నులో ఏదో కనబడింది. అది ఆయనకు తెలుసు, రాసే అమ్మాయికి తెలుసు. పడుకున్న మనిషికి తెలియదు. ఆడా మగా అని చెప్పకూడదన్న మౌనం మెల్లగా పాకి, వెన్ను, గుండె, మెదడు అన్నిటినీ కప్పేసింది. దీన్ని జాగ్రత్త అనడం నాకు ఇష్టం లేదు.

ఇక సంతకం. సమీరా కోహ్లీ కేసు గురించి కొందరు వినే ఉంటారు. పెళ్ళికాని నలభై నాలుగేళ్ళ మహిళ. కడుపులోకి గొట్టం వేసి చూసే పరీక్షకు ఒప్పుకుని మత్తుకు సిద్ధమైంది. ఆమె మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లితో సంతకం పెట్టించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు, ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కానప్పుడు తెలివిగల పెద్ద మనిషి ఒంటి మీద తల్లి సంతకం చెల్లదంది. ఆమెకు మెలకువ వచ్చేదాకా ఆగితే సరిపోయేది. గర్భసంచి ఆపరేషన్లలో దేశంలో ముందున్న మన రెండు రాష్ట్రాల్లో ఆ తీర్పు ప్రతి ఆపరేషన్ థియేటరు బయటా అంటించదగ్గది.

అబార్షన్ విషయంలో చట్టం ఇంకా సూటిగా ఉంది. 1971 చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీ అంగీకారం ఒక్కటే కావాలి. ఫారం ‘సి’. దాంట్లో భర్త సంతకానికి గడి లేదు. అయినా మా ఆసుపత్రుల్లో ‘మీవారిని పిలుచుకు రామ్మా’ అనే మాట లేని రోజుండదు. 2022 సెప్టెంబరు 29న పెళ్ళికాని యువతి కేసులో తీర్పు చెబుతూ, ఇలా చట్టంలో లేని షరతులు పెట్టే డాక్టర్లను సుప్రీంకోర్టు తప్పుపట్టింది. భర్త సంతకం అడిగేది ఆమె మేలు కోరి కాదని నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అడిగినదాన్నే. రేపు బంధువులు వచ్చి గొడవ చేస్తే చూపించడానికి ఒక కాగితం, అంతే.

‘మన దేశంలో నిర్ణయం కుటుంబానిది, ఒంటరి మనిషి హక్కులన్నీ పాశ్చాత్య పైత్యం’ అని వాదించే పెద్దలున్నారు. నాకు ఆ వాదనతో పేచీ ఉంది గానీ పూర్తిగా కొట్టిపారేయలేను. బిడ్డను పెంచేది కుటుంబమే. ‘మావారు ఎలా అంటే అలా’ అని మనస్ఫూర్తిగా చెప్పే ఆడవాళ్ళను చూశాను. కాకపోతే ఆ మాట ఆమె నోటి నుంచి ఆమె ఒక్కతే ఉన్నప్పుడు వినాలి. మేడమ్ దగ్గర దానికో చిట్కా ఉండేది. ఆరుగురు గదిలో నిలబడి ఆరు రకాలుగా చెబుతుంటే విని, ‘సరే, అమ్మాయికి బీపీ చూడాలి, అందరూ బయటికి పదండి’ అనేవారు. బీపీ పట్టీ చేతికి చుట్టి గాలి కొడుతూ, మొహం చూడకుండా, ‘నీకేమనిపిస్తోందే?’ అని అడిగేవారు. ఎదురుగా కూర్చుని కళ్ళలోకి చూస్తే చెప్పరని, చేతులు వేరే పనిలో ఉంటే చెబుతారని ఆవిడ నమ్మకం. మా ఆసుపత్రిలో అంతగా బీపీ చూసినవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఆ పట్టీ చుట్టిన ఒక మధ్యాహ్నం నేను పక్కనే ఉన్నాను. మేనరికం జంట. అత్తగారే మేనత్త, కాబట్టి తిట్టాలన్నా సొంత పుట్టింటినే తిట్టాలి. పెద్ద కొడుక్కి తొమ్మిదేళ్ళు, థలసీమియా మేజర్, మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఇప్పుడు మళ్ళీ పదకొండో వారం. మాయ నుంచి ముక్క తీసి చూసే పరీక్ష చేయించాలని ఇంటిల్లిపాదీ వచ్చారు. బీపీ పట్టీ బిగుస్తుండగా ఆమె నేల చూస్తూ, ‘నాకొద్దు మేడమ్’ అంది. ‘ఉందని వస్తే తీయించేస్తారు కదా. అప్పుడు పెద్దోడికి ఏం చెప్పను? వాడికి అన్నీ తెలుసు. తొమ్మిదేళ్ళు.’ నేను ఏదో చెప్పబోయాను. లాభాలు, ఖర్చులు, పుట్టబోయే బిడ్డ బాధ. మేడమ్ నా మీద చెయ్యి వేసి ఆపారు. పరీక్షకు ఎన్నో తేదీ దాకా సమయముందో కాగితం మీద రాసి ఇచ్చి, బయటివాళ్ళతో ‘బీపీ కొంచెం ఎక్కువుంది, పది రోజులయ్యాక చూద్దాం’ అన్నారు.

అది అబద్ధం. వైద్య నైతికత పుస్తకం ప్రకారం తప్పే. నేను ఇప్పటికీ దాన్ని సమర్థించను. కానీ ఆ అబద్ధం ఎవరికి చెప్పారో, ఎవరి కోసం చెప్పారో కూడా చూడాలి.

పదకొండో రోజున ఆమె ఒక్కతే బస్సెక్కి వచ్చింది. ‘తెలుసుకుందాం. ఉందంటే ఏం చేయాలో నేనే చెబుతా. అప్పటిదాకా మా అత్తకు చెప్పకండి’ అంది. పరీక్షలో బిడ్డకు జబ్బు లేదు, తల్లిదండ్రుల్లాగే ఒక జన్యువు మోస్తోందని వచ్చింది. ‘ట్రెయిట్’ అంటాం. అత్తగారు దాన్ని సగం జబ్బు అనుకుని మళ్ళీ గొడవ మొదలుపెట్టింది, అది వేరే కథ. కథ సుఖంగా ముగిసింది కాబట్టి మేం చేసింది ఒప్పని నేను చెప్పను. గవ్వ అటు పడి ఉంటే ఆమె ఏమనేదో నాకు తెలియదు, ఏమన్నా అది ఆమె మాటే. నా వాదన ఇంతే. నిర్ణయం తీసుకోవాల్సిన చోటు రిపోర్టు వచ్చాక కాదు, రక్తం తీయడానికి ముందు. ‘చెడ్డ కబురొస్తే ఏం చేద్దామనుకుంటున్నావు’ అని అడగకుండా సూది గుచ్చడమే నా లెక్కలో మొదటి తప్పు. వద్దనే హక్కు అప్పుడే ఉంటుంది. తెలిశాక తెలియనట్టు ఉండడం ఎవరి తరమూ కాదు.

పెద్దోడికి ఏం చెప్పనని ఆమె అన్న మాట నన్ను వదల్లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో థలసీమియా, సికిల్ సెల్, హిమోఫిలియా కూడా చేర్చారు. అంటే ఒకవైపు ఈ జబ్బుతో పుట్టినవాళ్ళకు హక్కులున్నాయంటున్నాం, ఇంకోవైపు వాళ్ళు పుట్టకుండా చూసే పరీక్షలు చేస్తున్నాం. రెండూ తప్పు కాదు. కానీ పరీక్ష గదిలో కూర్చున్న తల్లికి ఆ హక్కుల సంగతి ఎవరూ చెప్పరు. డౌన్ పిల్లాడి గురించి మేం చెప్పేవన్నీ గుండె రంధ్రం, మందబుద్ధి. వాడు బడికి వెళ్తాడా, కిరాణా కొట్టుకు పోయి సరుకులు తెస్తాడా, మన తర్వాత వాణ్ణి ఎవరు చూస్తారు అన్నవి తల్లి అడగాలనుకునే ప్రశ్నలు. వాటికి జవాబు నా దగ్గర లేదు, అలాంటి బిడ్డను పెంచిన ఇంట్లో ఉంది. అందుకే ఇప్పుడు ఎవరైనా ఒప్పుకుంటే ఫోన్ నంబరు ఇచ్చి మాట్లాడిస్తున్నాను. మాట్లాడి వచ్చి వద్దనుకున్నవాళ్ళూ ఉన్నారు, ఉంచుకున్నవాళ్ళూ ఉన్నారు. మెదడే ఏర్పడని బిడ్డ సంగతి వేరు, అక్కడ ఇంత ఆలోచన అక్కర్లేదు. రెండిటినీ ‘అనామలీ’ అనే ఒక్క మాటతో చెప్పడం వల్లే ఈ చిక్కంతా.

ఆలోచించుకోవడానికి టైమివ్వాలి అంటున్నాను గానీ, గడియారం మా చేతిలో లేదు. బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ పద్దెనిమిది, ఇరవై వారాల దగ్గర చేస్తాం. తెలంగాణలో 2022 చివర్లో ప్రభుత్వ ఆసుపత్రులకూ టిఫా యంత్రాలు వచ్చాయి, అంతకుముందు ఇది డబ్బున్నవాళ్ళ పరీక్ష. ఇరవైలో ఏదో కనబడింది. గుండె స్కాన్‌కు హైదరాబాద్ వెళ్ళమంటాం, డేటు దొరికేసరికి వారం. ఉమ్మనీరు తీస్తే ఫలితానికి రెండు మూడు వారాలు. ఇరవై నాలుగు దాటిపోయింది. 2008లో నికేతా మెహతా దంపతులు బొంబాయి హైకోర్టుకు వెళ్ళింది ఇలాగే. బిడ్డ గుండెలో తీవ్రమైన సమస్య ఆలస్యంగా బయటపడింది, అప్పటి గడువు ఇరవై వారాలు, కోర్టు కాదంది. కొద్ది రోజుల్లో ఆ గర్భం దానంతటదే పోయింది. ఆ కేసుతో మొదలైన చర్చ ఫలితం 2021 సవరణలో వచ్చింది. కొన్ని వర్గాలకు ఇరవై నాలుగు వారాల దాకా, బిడ్డకు తీవ్ర వైకల్యం ఉందని మెడికల్ బోర్డు చెబితే గడువే లేదు. బోర్డు మూడు రోజుల్లో చెప్పాలి. రూలు బాగుంది. జిల్లా నుంచి బోర్డు ఉన్న ఊరికి రావడం, లాడ్జిలో దిగడం, కూలి పోగొట్టుకోవడం మాత్రం ఆ మూడు రోజుల లెక్కలోకి రావు.

పిల్లలు పుట్టని వాళ్ళ వైద్యం గురించి రెండు మాటలే చెబుతాను, అదో ఉపన్యాసమంత ఉంది. 2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్భై దాటిన మహిళకు ఐవీఎఫ్‌తో కవలలు పుడితే పత్రికలన్నీ పండగ చేసుకున్నాయి. ‘గొడ్రాలు’ అనే మాట మోసిన మనిషి, ఆమెను తప్పుపట్టను. 2021లోనే వచ్చిన వేరే చట్టం ఆ వైద్యానికి ఆడవాళ్ళకు యాభై, మగవాళ్ళకు యాభై అయిదు ఏళ్ళ హద్దు గీసింది. గీసి మంచిపని చేసింది. ఐవీఎఫ్ బోర్డుల మీద బోసినవ్వుల పిల్లల ఫొటోలు ఉంటాయి గానీ, వంద మందిలో ఎంతమంది ఒట్టి చేతులతో ఇంటికి వెళ్తారో ఉండదు.

చివరిగా, నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న. ‘మీ చెల్లెలే అనుకుని చెప్పండమ్మా.’ పుస్తకాలు జవాబివ్వొద్దంటాయి, మీ అభిప్రాయం రుద్దొద్దంటాయి. అలా నోరు మూసుకుని కూర్చుంటే ఆ ఇల్లాలికి నేను కూడా చెయ్యి వదిలేశానని అనిపిస్తుంది. మేడమ్ జవాబు ఇచ్చేవారు. కాకపోతే ముందు ఆమె చెప్పేదంతా విని, చివర్లో, ‘ఇది నా మాట, నా ఇంటి పరిస్థితికి. నీ ఇల్లు వేరు’ అని కలిపి చెప్పేవారు. నేను ఇవాళ్టికీ అటూ ఇటూ ఊగుతుంటాను. కొన్నిసార్లు చెబుతాను. చెప్పిన రాత్రి నిద్ర పట్టదు.

మా అంగీకార పత్రం సంగతి చెప్పి కూర్చుంటాను. ఆయా సవరణలతో తెలుగులో కొత్తది తయారైంది. ఒకటే పేజీ. ఏ పరీక్ష, ఎందుకు, ఏం తెలుస్తుంది, ఏం తెలియదు, వద్దంటే ఏమవుతుంది. కింద ‘నా సంతకం’ అని ఒక గీత, ‘నకలు అందింది’ అని ఇంకో గీత. ప్రెస్సుకు పంపాం. ప్రూఫు వచ్చింది. మేం పంపని మూడో గీత అందులో ఉంది, ‘భర్త / తండ్రి సంతకం’ అని. ఫోన్ చేస్తే ప్రెస్సాయన, ‘ఆసుపత్రి ఫారాలన్నిటికీ అది ఉంటుంది కదండీ, మీరు మర్చిపోయారేమోనని నేనే వేశాను’ అన్నాడు. ఎర్ర సిరాతో కొట్టి వెనక్కి పంపాను. రెండో ప్రూఫు సోమవారం వస్తుందన్నాడు.